వెనుక స్ప్రింగు లెక్క

పండగకు సొంతూరు బయలుదేరిన చిన్న కారులో ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే, ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు అడుగు భాగం బర్రున గీరుకుంటుంది. ఖాళీగా వెళ్లిన రోజు అదే కారు అదే బ్రేకర్‌ను చప్పుడు లేకుండా దాటేస్తుంది. ఈ బాధ పడలేక చాలామంది విడిభాగాల దుకాణం దారి పడతారు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే పాలీయురెథేన్ బఫర్లు, స్ప్రింగు కింద పెట్టే స్పేసర్లు, అసలు స్ప్రింగులకు బదులు వేసే గట్టి స్ప్రింగులు, బరువు ఎక్కువ మోస్తాయని చెప్పే షాక్ అబ్జార్బర్లు అక్కడ వరసగా ఉంటాయి. హైదరాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొనుక్కొచ్చి, ఆదివారం పూట ఇంటి ముందే బిగించుకోవచ్చని ఇప్పుడు చాలామందికి ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం మంచిదే. తన బండి కింద ఏముందో తెలుసుకున్న మనిషి దాన్ని జాగ్రత్తగా నడుపుతాడని నా నమ్మకం. అయితే కారు వెనుక భాగం ఎంత ఎత్తులో నిలబడాలన్నది ఒక్క స్ప్రింగు తేల్చే విషయం కాదు. షాక్ అబ్జార్బరు, రబ్బరు బుష్షులు, బంప్ స్టాపరు, కొన్ని కార్లలో వెనుక బ్రేకు, చివరికి ముందున్న హెడ్‌లైటు కూడా ఆ ఎత్తునే నమ్ముకుని పనిచేస్తుంటాయి. ఒకదాన్ని మారిస్తే మిగతావాటి లెక్క తప్పుతుంది. పానా పట్టడానికి ముందు ఆ లెక్క ఒకసారి చూసుకోవాలి.

స్ప్రింగును ఎంత నొక్కితే అంత ఎదురుబలం చూపుతుందని, ఆ రెండూ అనుపాతంలో ఉంటాయని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. చిన్న కార్లకు దగ్గరగా ఉండే కొన్ని అంకెలు తీసుకుని ఆ సూత్రాన్నే వాడదాం. వెనుక రెండు స్ప్రింగులూ కలిసి ఒక మిల్లీమీటరు నలగడానికి 40 న్యూటన్లు, అంటే సుమారు 4 కిలోల బరువు కావాలనుకుందాం. డ్రైవరు ఒక్కరే ఉన్నప్పుడు వాటి మీద 300 కిలోలు పడితే అవి 74 మిల్లీమీటర్లు నలిగి ఆగుతాయి. మనుషులూ సామానూ కలిపి ఇంకో 200 కిలోలు వెనుక పడ్డాయంటే మరో 49 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే దాదాపు 5 సెంటీమీటర్లు. ముందు వైపు పెద్దగా దిగదు కాబట్టి కారు నడిమి భాగం అందులో సగం, అంటే రెండున్నర సెంటీమీటర్లు నేలకు దగ్గరవుతుంది. ఖాళీ కారుకు అడుగున 165 మిల్లీమీటర్ల జాగా ఉంటే ఇప్పుడు 140 మిగులుతుంది.

ఇప్పుడు వెనుక స్ప్రింగుల కింద రెండున్నర సెంటీమీటర్ల స్పేసర్లు పెట్టారనుకోండి. డిక్కీ రెండున్నర సెంటీమీటర్లు లేస్తుంది. కానీ ముందు చక్రాలు ఉన్నచోటే ఉంటాయి గనుక నడుము లేచేది ఒకటింపావు సెంటీమీటరే. బ్రేకర్ మీద గీరుకునేది ఎక్కువగా ఆ నడుమే. డబ్బూ శ్రమా పెట్టి చేయించుకున్న మార్పులో సగం అసలు అవసరం లేని చోటుకు పోతుంది.

స్పీడ్ బ్రేకర్ వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి కట్టే గుండ్రని బ్రేకర్ పొడవు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. మన చిన్న కారు ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు అనుకుంటే, నాలుగు చక్రాలూ ఒకేసారి ఆ వంపు మీదే ఉంటాయి. 17 మీటర్ల వ్యాసార్ధమున్న చాపం మీద 2.4 మీటర్ల జ్యా గీస్తే మధ్యలో చాపం పైకి పొడుచుకొచ్చేది 4.2 సెంటీమీటర్లు మాత్రమే. అడుగున 14 సెంటీమీటర్ల జాగా ఉన్న నిండు కారు దాన్ని నెమ్మదిగా, హాయిగా దాటుతుంది. మన కార్లను గీరేది ప్రమాణం పాటించకుండా, అర మీటరు వెడల్పుతో, అడ్డంగా గోడలా పోసిన సిమెంటు గట్లు. కార్లను పైకి లేపుకోవడానికి మనం పెట్టే ఖర్చులో చాలా భాగం నిజానికి ఆ గట్లు పోసినవారి లెక్కలో రాయాల్సింది. ఈ మాట బల్లగుద్ది చెప్పాలనిపిస్తుంది.

సరే, గట్లు రేపటికల్లా మారిపోవు. స్ప్రింగు గట్టిదైతే బరువు పడ్డప్పుడు తక్కువ దిగుతుంది కదా అంటారు. నిజమే. గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే కొంత ఆశ్చర్యమేస్తుంది. చుట్టల స్ప్రింగును నొక్కినప్పుడు అందులోని తీగ వంగదు, మెలి తిరుగుతుంది. ఒక పొడవాటి ఉక్కు కడ్డీని మెలిపెట్టి, జాగా చాలక చుట్టలు చుట్టి పెట్టారనుకోవచ్చు. కడ్డీ మెలికి చూపే నిరోధం దాని మందంలో నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. తీగ మందం 10 శాతం పెంచితే స్ప్రింగు గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. కంటితో చూసి, ‘పాతదాని కంటే కాస్త లావుగా ఉంది, అంతే’ అనుకుని బిగించిన స్ప్రింగు దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిదై కూర్చోవచ్చు. చుట్ల సంఖ్య మాత్రం అడ్డం తిరిగి పనిచేస్తుంది. చుట్లు తగ్గితే గట్టిదనం పెరుగుతుంది.

బఫర్ చేసేది ఈ రెండో పని. రెండు చుట్ల మధ్య దిమ్మలా ఇరికించగానే ఆ చుట్టు దాదాపు కదలడం మానేస్తుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తగ్గితే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. మునుపటంత దూరమే నలగాలంటే మిగిలిన ఐదూ 20 శాతం ఎక్కువ మెలిపడాలి. దానికి తోడు బఫర్ ఒరుసుకున్న చోట స్ప్రింగు పూత లేచిపోతుంది. అక్కడ నీరూ ఇసుకా చేరి తుప్పు గుంట పడుతుంది. స్ప్రింగు ఉక్కును చివర్లో సన్నని ఉక్కు గుళ్లతో కొట్టి, పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉండేలా తయారుచేస్తారు. పగులు మొదలయ్యేది పైపొరలోనే కాబట్టి ఆ జాగ్రత్త. తుప్పు గుంట ఆ పొరను దాటి లోపలికి వెళ్లిందంటే పగులుకు తలుపు తీసినట్టే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బఫర్‌ను ఎవరికీ సిఫారసు చేయలేకపోవడానికి నాకున్న కారణం ఇదే. ఇక గ్యాస్ కట్టరుతో చుట్టు కోసి స్ప్రింగు సైజు మార్చడం మాటంటారా, ఆ మంట ఉక్కుకు పెట్టిన పదునునే తీసేస్తుంది. అది చేయకూడని పని.

గట్టి స్ప్రింగు అసలు వెల ఎత్తు లెక్కల్లో కాదు, ఊపులో తెలుస్తుంది. స్ప్రింగు మీద నిలబడ్డ ఏ బరువుకైనా సహజంగా ఒక ఊపు వేగం ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. బరువు వల్ల స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు నలిగిందో చూసి, దాని వర్గమూలంతో 5ను భాగిస్తే క్షణానికి, అంటే సెకనుకు, ఎన్ని ఊపులో వస్తుంది. మన ఖాళీ కారు వెనుక 7.4 సెంటీమీటర్లు నలిగింది కాబట్టి క్షణానికి 1.84 ఊపులు. 500 కిలోలు పడినప్పుడు 12.3 సెంటీమీటర్లు నలుగుతుంది, ఊపులు 1.43కి తగ్గుతాయి. మనం నడిచేటప్పుడు శరీరం పైకీ కిందికీ ఊగే వేగం కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది గనుక ఈ ఊపు మనకు అలవాటైనదే. క్షణానికి 4 నుంచి 8 వరకూ ఉండే ఊపులు మాత్రం మనిషికి ఎక్కువ బాధ కలిగిస్తాయి. కడుపు, వెన్ను వాటికి తేలిగ్గా కదులుతాయి. స్ప్రింగును 40 శాతం గట్టి చేస్తే ఖాళీ కారు ఊపు 2.17కు ఎక్కుతుంది. 200 కిలోలు పడినప్పుడు దిగేది 49కి బదులు 35 మిల్లీమీటర్లు. మిగిలింది 14 మిల్లీమీటర్లు. ఏడాదిలో పదిరోజులు నిండుగా తిరిగే కారుకు ఆ 14 మిల్లీమీటర్ల కోసం మిగతా రోజులన్నీ వెనుక కూర్చున్న అమ్మమ్మ నడుము కదిలిపోవాలా అన్నది ఎవరి ఇంట్లో వాళ్లు తేల్చుకోవాలి.

ముందు స్ప్రింగుల కంటే వెనుకవి కాస్త చురుగ్గా ఊగేలా ఎందుకు పెడతారన్నది మారిస్ ఓలీ అనే ఆంగ్ల ఇంజనీరు తేల్చిన విషయం. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930ల మొదట్లో అమెరికాలో జనరల్ మోటార్స్‌కు వెళ్లినవాడు. బరువులను ముందుకూ వెనక్కూ జరిపి, స్ప్రింగులు మార్చి, ఒక పెద్ద కారునే ప్రయోగశాలగా చేసుకుని తిరిగాడు. రోడ్డు మీది గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది. 2.4 మీటర్ల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే క్షణంలో ఏడో వంతు గడిచాక అది వెనుక చక్రాలకు తగులుతుంది. ఆలస్యంగా మొదలైన వెనుక ఊపు కాస్త వేగంగా ఉంటే ముందుదాన్ని అందుకుంటుంది. రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి, కారు బల్లపరుపుగా సాగుతుంది. అలా కాకపోతే ముందు లేచినప్పుడు వెనుక దిగుతూ, కారు తల ఊపుతూ పోతుంది. నిండుగా ఉన్న కారులో వెనుక కూర్చున్నవాళ్లను ఇబ్బంది పెట్టేది ఆ తల ఊపుడే. బరువుతో వెనుక ఊపు మందగించి ముందుదానితో సమానమయ్యో, దాని కంటే తగ్గో పోవడం ఇందులో ఒక కారణం. కాబట్టి స్ప్రింగు మరీ మెత్తనైతే ఒక చిక్కు, మరీ గట్టిదైతే ఇంకో చిక్కు. తయారీదారు ఎంచుకున్న అంకె ఈ రెండింటి మధ్య రాజీ.

ఆ ఊపును ఆపే పని షాక్ అబ్జార్బరుది. గుంత దెబ్బను మింగేది స్ప్రింగు. ఆ మింగిన శక్తిని వేడిగా మార్చి గాలికి వదిలేది షాకు. గొట్టంలో నూనె, అందులో సన్నని రంధ్రాలు, కవాటాలు ఉన్న ముషలకం, దానికి ఒక కడ్డీ. కడ్డీ కదిలినప్పుడల్లా నూనె ఇరుకు దారుల్లోంచి దూరుకుంటూ వేడెక్కుతుంది. గతుకుల దారిలో చాలాసేపు నడిపి ఆపితే షాకు గొట్టం వేడిగా తగులుతుంది. సాధారణంగా నలిగేటప్పటి కంటే సాగేటప్పుడు ఎక్కువ నిరోధం ఇచ్చేలా దాన్ని తయారుచేస్తారు. గుంత అంచు తగిలినప్పుడు చక్రం చప్పున పైకి లేవనివ్వాలి, నలిగిన స్ప్రింగు మాత్రం కారును పైకి ఎగరేయకుండా పట్టి ఉంచాలి, అందుకని. 1950ల్లో ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ ఆలోచనతో ఒంటి గొట్టం గ్యాస్ షాకు వాడుకలోకి వచ్చింది. నత్రజని ఒత్తిడి నూనెను నురగ కట్టనివ్వదు. నురగ పట్టిన నూనె నిరోధం చూపదు.

ఒక లెక్క ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవాలి. షాకు ఊపును ఎంత బాగా ఆపుతుందన్నది షాకు ఒక్కదాని గుణం కాదు. స్ప్రింగు గట్టిదనం, బరువు, ఈ రెండింటి లబ్ధం వర్గమూలంతో పోల్చి చూడాలి. స్ప్రింగు 40 శాతం గట్టిదై షాకు పాతదే ఉంటే ఆ పట్టు 15 శాతం మేర తగ్గిపోతుంది. అంటే గట్టి స్ప్రింగు వేసిన కారు ఎక్కువగా గెంతుతుంది, ఆగేలోపు ఎక్కువసార్లు గెంతుతుంది. గెంతే చక్రం నేలను వదిలేస్తుంది. నేలను వదిలిన టైరుకు బ్రేకూ లేదు, మలుపూ లేదు. ఎన్నో వేల కిలోమీటర్లు తిరిగి నూనె చెమర్చిన షాకుల మీద కొత్త గట్టి స్ప్రింగులు వేయడం నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొదుపు. అసలు చాలా కార్లకు కావలసింది ఎత్తు కాదు, కొత్త షాకులూ కొత్త బుష్షులూ. అవి వేసినప్పుడు పాత కారు మళ్లీ నేలను పట్టుకోవడం ఎంత సంతోషమిస్తుందో నడిపినవాళ్లకు తెలుసు.

మన దారుల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనుక ఉండేది ట్విస్ట్ బీమ్. అంబాసిడర్‌కు వెనుక కమాన్ కట్టలు ఉండేవి. ట్విస్ట్ బీమ్ వాడుక 1974 నాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌తో విస్తరించింది. రెండు చక్రాల నుంచి ముందుకు వచ్చే రెండు చేతులు, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక దూలం. ఆ దూలం గొట్టంలా మూసి ఉండదు, ఒక వైపు తెరిచిన దోనెలా ఉంటుంది. తెరిచిన రేకు వంపుకు గట్టిగా నిలబడుతుంది గానీ మెలికి తేలిగ్గా లొంగుతుంది. అందుకే ఒక చక్రం గుంతలో దిగినా రెండోది తన దారిన తాను ఉండగలుగుతుంది. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు అదే దూలం మెలిపడి ఒరుగుడును తగ్గిస్తుంది. ఈ దూలానికి తోడుగా వేసే అదనపు యాంటీ రోల్ బార్‌లు కూడా బజారులో ఉన్నాయి. వెనుక ఒరుగుడు తగ్గితే మలుపులో బయటి వెనుక టైరు మీద భారం పెరుగుతుంది. తడి రోడ్డు మీద ఆ టైరు ముందుగా జారితే కారు తోక బయటికి తిరుగుతుంది. మామూలు డ్రైవరు దాన్ని తిప్పుకోలేడు. రేసు మైదానంలో తిరిగేవారికే ఆ సరుకు వదిలేయాలి.

దూలం చేతులు కారు ఒంటికి అతికే చోట, షాకు కింది కన్నంలో, బుష్షులు ఉంటాయి. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, మధ్యలో రెండింటికీ అంటుకుపోయేలా ఉడికించిన రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్టుకు అతుక్కుని కదలకుండా నిలుస్తుంది. చేయి పైకీ కిందికీ ఊగినప్పుడు అక్కడ ఏదీ జారదు, రబ్బరే మెలి తిరిగి మళ్లీ సర్దుకుంటుంది. ఇంట్లో పనిచేసేవారు పొరపడే చోటు ఇదే. కారును ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా కొత్త బుష్షు బోల్టును గట్టిగా బిగించేస్తారు. చేయి 40 సెంటీమీటర్ల పొడవుంటే, చక్రం 10 సెంటీమీటర్లు కిందికి వేలాడినప్పుడు దాని కోణం 14 డిగ్రీలకు పైగా మారుతుంది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి అవుతుంది. కారును నేల మీద దించగానే రబ్బరు 14 డిగ్రీలు మెలిపడి, పిండి ఆరేయని తడిబట్టలా, కారు నిలబడి ఉన్న ప్రతి నిమిషమూ అలాగే ఉండిపోతుంది. గుంత వచ్చినప్పుడు ఆ మెలి ఇంకా పెరుగుతుంది. ఏళ్ల తరబడి పనిచేయాల్సిన బుష్షు కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. కొన్న భాగం మంచిది కాదని దుకాణం మీద కోపం వస్తుంది.

కాబట్టి బుష్షు ఉన్న ఏ బోల్టునైనా ముందు చేతి బిగువు వరకే తిప్పి వదలాలి. చివరి బిగింపు కారు తన బరువు మీద తాను నిలబడ్డాకే. ఇంట్లో ర్యాంపు లేనివారికి ఒక ఉపాయం ఉంది. పని మొదలుపెట్టకముందే, సమతలం మీద, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకూ టేపుతో కొలిచి రాసిపెట్టుకోవాలి. తరవాత కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు దూలం చివర కింద జాకీ పెట్టి, ఆ కొలత మళ్లీ వచ్చేదాకా లేపి, అప్పుడు బిగించాలి. స్ప్రింగు ఎత్తు మారిస్తే పాత కొలత పనికిరాదు. కారును ఒకసారి నేల మీద దించి, నాలుగైదు సార్లు ఊపి, కొంచెం దూరం నడిపించి, కొత్త కొలత తీసుకోవాలి.

పాలీయురెథేన్ బుష్షుల తీరు వేరు. అవి ఉక్కుకు అంటుకుని ఉండవు, లోపలి గొట్టం మీద తిరుగుతాయి. సిలికాన్ గ్రీజు ఆరిపోతే కీచుమంటాయి. పైగా ట్విస్ట్ బీమ్ బుష్షు ఒక్క అక్షం మీదే కాక అన్ని వైపులా కొంచెం కొంచెం వంగాలి. గట్టి పాలీయురెథేన్ అందుకు ఒప్పుకోదు, రోడ్డు మోత అంతా లోపలికి పంపిస్తుంది. రోజువారీ కారుకు రబ్బరే మేలు. దూలం బుష్షు మార్చాలంటే దాన్ని ఒత్తి తీసే ప్రెస్సు కావాలి, లోపలి ఖాళీలు ఏ దిక్కున ఉండాలో కంపెనీ గుర్తు ప్రకారం పెట్టాలి. ఆ ఒక్క పనినీ ఆటోనగర్‌కు అప్పగించడంలో చిన్నతనం లేదు.

ఇక కారును ఎత్తే విషయం. చాలామందికి తట్టని ముప్పు ఇందులో ఒకటుంది. సాధారణంగా హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే. ఆ వెనుక చక్రాలనే గాలిలోకి లేపాక హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. కారును నిలబెట్టేది ముందు చక్రాలే. అందుకని మొదటి గేరులో ఉంచి, రెండు ముందు చక్రాలకూ ముందూ వెనుకా చెక్క దిమ్మలు గట్టిగా పెట్టాలి. కారుతో వచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికే తప్ప దాని కింద దూరడానికి కాదు. జాకీతో లేపి, కంపెనీ చెప్పిన చోట రెండు స్టాండ్లు పెట్టి, వాటి మీదికి బరువు దించి, కారును చేత్తో తోసి చూశాకే కిందికి చెయ్యి పెట్టాలి. విప్పిన చక్రాలను గుమ్మం పట్టీ కింద పడుకోబెడితే, స్టాండు జారినా కారు మనిషి మీదికి రాదు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నున్నటి టైల్స్ మీద స్టాండు జారుతుంది. మే నెల ఎండలో తారు రోడ్డు మీద దిగబడుతుంది. మందపాటి ప్లైవుడ్ ముక్క వేసుకోవాలి. దూలం నడిమధ్య జాకీ పెట్టకూడదు, అది మెలికి లొంగేలా తయారైన రేకు. మనిషి ఒక్కడూ ఉన్నప్పుడు ఈ పని అసలు మొదలుపెట్టకూడదు.

వెనుక స్ప్రింగు, షాకు విడివిడిగా ఉండే కార్లలో పని కొంత తేలిక. దూలం కింద జాకీ ఆనించి, షాకు కింది బోల్టు తీసి, జాకీని నెమ్మదిగా దించితే స్ప్రింగు పూర్తిగా సాగి చేతికి వస్తుంది. దూలం దిగుతున్నంతసేపూ బ్రేకు గొట్టం మీద, ఏబీఎస్ తీగ మీద కన్ను ఉండాలి. అంతవరకూ వాటి పొడవును కాపాడింది షాకే. అది ఊడిపోయాక దూలం బరువు వాటి మీద వేలాడగలదు. స్ప్రింగూ షాకూ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న నమూనా అయితే స్ప్రింగు నొక్కి పట్టిన స్థితిలో ఉంటుంది. మిల్లీమీటరుకు 25 న్యూటన్ల స్ప్రింగు 15 సెంటీమీటర్లు నలిగి ఉందంటే అందులో 280 జౌళ్ల శక్తి ఉంది. 28 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బ అది. సరైన కంప్రెసరు లేకుండా పై నట్టు విప్పితే అదంతా ఒక్కసారిగా ముఖం వైపు వస్తుంది. ఇంట్లో చేయదగ్గ పనికీ చేయకూడని పనికీ హద్దు నేను అక్కడే గీస్తాను.

కొత్త షాకు పెట్టెలో పడుకుని వస్తుంది. రెండు గొట్టాల రకమైతే లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది. దాన్ని నిలువుగా పట్టుకుని పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కి, పట్టు ఒకేలా తగిలేవరకూ కొన్నిసార్లు చేసి అప్పుడు బిగించాలి. పై నట్టు తిప్పేటప్పుడు కడ్డీ కూడా తిరుగుతుంటే దాని కొనలో ఉండే పట్టును పానాతో పట్టుకోవాలి గానీ మెరిసే కడ్డీని పట్టకారుతో పట్టుకోకూడదు. ఆ గీత సీలును కోస్తుంది, నూనె కారుతుంది. తుప్పు పట్టిన బోల్టుకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. బిగించేటప్పుడు మాత్రం మరల మీద నూనె వద్దు. టార్క్ రెంచ్‌తో పెట్టిన బలంలో రమారమి పదో వంతు మాత్రమే బోల్టును లాగి పట్టే పనికి పోతుంది, మిగతాదంతా రాపిడి తినేస్తుంది. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువగా సాగిపోతుంది. మాన్యువల్‌లో రాసిన టార్కు, వేరే మాట లేకపోతే, పొడి మరలకే.

వెనుక ఎత్తు మార్చినవారు బ్రేకు గురించి ఒక మాట తెలుసుకోవాలి. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. అది లేని పాత కార్లు కొన్నింటిలో వెనుక దూలానికీ కారు ఒంటికీ మధ్య ఒక చిన్న కడ్డీతో కలిపిన కవాటం ఉంటుంది. వెనుక ఎంత బరువుందో ఆ కవాటానికి తెలిసేది ఆ రెండింటి మధ్య దూరాన్ని బట్టే. దూరం తగ్గితే బరువు పడిందని వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. దూరం ఎక్కువుంటే కారు ఖాళీ అని తగ్గిస్తుంది. స్పేసరో గట్టి స్ప్రింగో వేశాక ఐదుగురు కూర్చున్నా దానికి కారు ఉన్నదాని కంటే తేలికగా కనిపిస్తుంది. వెనుక బ్రేకులు తమ వాటా పని పూర్తిగా చేయవు, ఆగే దూరం పెరుగుతుంది. సరిగ్గా నిండు బరువు కోసమే చేసిన మార్పు నిండు బరువు రోజునే బ్రేకును బలహీనం చేస్తుంది. అలాంటి కవాటం ఉన్న కారు ఎత్తు మారిస్తే దాని కడ్డీని కంపెనీ పద్ధతిలో మళ్లీ సరిచేయించాల్సిందే.

హెడ్‌లైటు సంగతీ అంతే. 2.4 మీటర్ల కారు వెనుక రెండున్నర సెంటీమీటర్లు లేస్తే ముక్కు 0.6 డిగ్రీలు కిందికి వంగుతుంది. డిమ్ వెలుగును మామూలుగా మీటరుకు సెంటీమీటరు చొప్పున దిగేలా పెడతారు. 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న దీపం వెలుగు అలా 65 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. ముక్కు వంగాక ఆ దిగుడు రెట్టింపై, వెలుగు 32 మీటర్ల దగ్గరే నేలకు దిగిపోతుంది. రాత్రి హైవే మీద చూపు సగమైపోయిందన్నమాట. లోపలి నాబ్ వెలుగును కిందికి దించగలదు గానీ సున్నాకు పైన ఎత్తలేదు. దీపం వెనుక ఉన్న మరతో గోడ ముందు నిలబెట్టి మళ్లీ సరిపెట్టుకోవాలి.

చట్టం మాట కూడా ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా నిలబెట్టింది. పాడైన షాకుకు బదులు అదే కొలతల షాకు వేయడం మరమ్మతే. కారును లేపడం, దించడం వేరే సంగతి, బీమా కంపెనీ కూడా అడగొచ్చు.

బిగించాక మొదటిసారి ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి, కిటికీలు దించి చప్పుళ్లు వినాలి, బ్రేకు నొక్కి చూడాలి. నూరు, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టునూ మళ్లీ టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. నాలుగు చక్రాల అలైన్‌మెంటు చేయించాలి. ట్విస్ట్ బీమ్‌లో వెనుక కోణాలు మార్చడానికి ఏ మరా లేకపోయినా, ఆ అంకెలు చూస్తే దూలం ఎప్పుడైనా దెబ్బ తిని వంగిందేమో తెలుస్తుంది. విప్పిన పాత షాకులను మూలన పడేయకండి. లోపల నూనె ఉంది, గ్యాస్ రకమైతే ఒత్తిడితో నత్రజని కూడా ఉంది. పాత ఇనుము వాళ్లకు ఇచ్చేటప్పుడు ఇది గ్యాస్ షాకు అని, మంటలో వేయొద్దని, గ్యాస్ కట్టరు పెట్టొద్దని నోటితో చెప్పి, వీలైతే గొట్టం మీద పెయింటుతో రాసి ఇవ్వండి.